యానాము నేల ఎక్కడిది?

భూమికి మన నిఘంటువులలో అచల యనియు, స్థిర యనియు పేర్లు కలవు. కదలనిది, నిలకడగలది అని వాని యర్థము. ఒక మనుష్యుని ఆయుర్దాయముతో కొలిచినచో ఆ పేర్లు తగియే యున్నవి. తాత దున్నిన చెక్కనే మనుమడును దున్నుచున్నాడు. కాని గౌతమీ గోదావరి యొడ్డున యానాములోనో, దానికి దిగువ నున్న లంకలలోనో కాపురముండు వారికి ఆ పేర్లయందు నిండు నమ్మకము కలుగదు. అక్కడ తాత దున్నిన చెక్క ఏటిలో కలిసిపోవుటయు, తండ్రి వల విసరిన చోట కొడుకు కూరపాదులు పెట్టుటయు వింత గాదు.

తెలుగువారు ఏయే కాలములందు ఏయే నేలలకు వలసపోయిరో తెలుపు వ్యాసములు ఇట్టి సంపుటములలో పెక్కు వెలువడినవి. నేలయే తెలుగువారి యొద్దకు వలస వచ్చిన వృత్తాంతము మాత్రము అంతగా చెప్పబడలేదు. యానాములో నొక గజము లోతు త్రవ్వి పిడికెడు మన్ను తీసినచో, అందు నాసికు కొండల పొడి యుండును. నాందేడు, బీదరు ప్రాంతముల నల్లరేగడి యుండును. కోరాపుట్టు అడవుల ఎర్రమన్ను ఉండును. ఆ మన్ను అచ్చటికి వచ్చిన విధమును, అచ్చట నిలిచిన విధమును, ఇప్పుడు నిలువలేకపోవుచున్న విధమును వివరించుటయే ఈ వ్యాసమున ఉద్దేశింపబడినది.

ముందుగా రాతి సంగతి చూడవలెను. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట దక్కను పీఠభూమి పడమటి భాగమున భూగర్భము నుండి కరిగిన శిల పైకి ఉబికెను. శిఖరమున నోరు తెరచి నిప్పులు గ్రక్కు కొండ బొమ్మ బడిపుస్తకములలో కనబడును గాని, ఇచ్చట జరిగినది చాలవరకు అట్టిది గాదు. నేల పొడవునా నెఱ్ఱెలు విచ్చినవి. వానినుండి లావా వరదవలె పారి, గడ్డకట్టి, దానిపై మరియొక పొర పారి, అదియు గడ్డకట్టి, ఇట్లు పొరపై పొర పేరుకొన్నది. కోట్ల సంవత్సరములుగా వాన కోసివేయగా మిగిలినదే నేడు సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర పరచుకొని యున్నది. పడమటి కనుమల దగ్గర దీని మందము కొన్నిచోట్ల రెండు కిలోమీటర్ల వరకు గలదు. మహారాష్ట్ర దేశపు కొండలు మెట్లు మెట్లుగా చెక్కినట్లు కనబడుటకు కారణ మిదియే. ఒక్కొక్క మెట్టు ఒక్కొక్క లావా పొర యొక్క అంచు. యూరపు భూశాస్త్రజ్ఞులు ఈ శిలకు ట్రాపు అని పేరిడిరి. స్వీడను భాషలో మెట్టునకు వాడు మాట నుండి ఆ పేరు వచ్చినది.

ఈ నల్లరాయి రాజమహేంద్రవరము దగ్గర కాతేరు, పంగిడి ప్రాంతములందు మరల తలయెత్తుట వింతయైన విషయము. పడమటి లావా మేరకును దీనికిని నడుమ వందల కిలోమీటర్ల యెడమున్నది. పడమట పుట్టిన లావాయే పూర్వపు నదీలోయల వెంట వేయి కిలోమీటర్లు ప్రవహించి ఇచ్చటికి చేరినదని కొందరు శాస్త్రజ్ఞుల మతము. ఇచ్చటనే విచ్చిన నెఱ్ఱెల నుండి వెడలినదని చెప్పువారును కలరు. మొదటి మతమే నిజమైనచో, గోదావరి నడచు దారిని నీటికంటె ముందు నిప్పే నడచినదనవలెను.

రాయి మన్నగుట మెల్లగా జరుగు పని. పగటి యెండకు రాయి పైపొర కొంచెము సాగును. రాత్రి చలికి ముడుచుకొనును. లక్షల పర్యాయములు ఇట్లు జరిగిన పిదప సన్నని పగుళ్ళు ఏర్పడును. వాననీరు గాలిలోని బొగ్గుపులుసు వాయువును కొంత కరిగించుకొని స్వల్పముగా ఆమ్లగుణమును పొందును. ఆ నీరు పగుళ్ళలో దూరి రాతిలోని ఖనిజములను కొరికి జిగటమన్నుగా మార్చును. పగులులో పడిన విత్తనము మొలచి, దాని వేరు లావెక్కి రాతిని చీల్చును. నల్లరాయి గుండ్లు ఉల్లిగడ్డ వలె పొరలు పొరలుగా ఊడుట దక్కను పల్లెలలో ఎవరైనను చూడవచ్చును. ఆ పొరలు చితికి పొడియైనదే పత్తి పండు నల్లరేగడి. వేసవిలో నోళ్ళు తెరచి, వానకు ఉబ్బి మూసికొను ఈ మన్నును ఎండిన నాడు పలుగుతో కొట్టవలసి యుండును, తడిసిన నాడు కాలికి అంటి విడువదు. ఈ గుణమంతయు రాతిలోని ఖనిజములు మారి ఏర్పడిన ఒక జాతి జిగటమన్ను గుణమే. కోనసీమ చేలలో దుక్కిదున్ను రైతునకు ఎదురగు జిగురును చాలవరకు అదియే.

ఇక ఈ మన్ను తూర్పుదిక్కునకే ఎందుకు ప్రయాణము చేయవలెను? గోదావరి పుట్టుచోటగు త్ర్యంబకేశ్వరపు బ్రహ్మగిరికి అరేబియా సముద్రము సుమారు 80 కిలోమీటర్ల దూరముననే యున్నది. అంత చేరువ సముద్రమును విడిచి, నది 1,465 కిలోమీటర్లు నడచి బంగాళాఖాతమున పడుచున్నది. పూర్వకాలమున భారత ఖండము నుండి మడగాస్కరు మొదలైన భూభాగములు విడిపోయినప్పుడు పడమటి యంచు పైకి లేచి, ద్వీపకల్పమంతయు తూర్పునకు వాలిన పళ్ళెము వలె నిలిచినదని భూశాస్త్రజ్ఞులు చెప్పుదురు. కృష్ణయు కావేరియు గూడ పడమటి కనుమలలో పుట్టి తూర్పు సముద్రమునే చేరుట ఇందుకు తార్కాణము. భూగర్భమున జరిగిన యొక కదలిక ఏ పంట ఎవరి పొలమున పండవలెనో కోట్ల సంవత్సరములకు ముందే నిర్ణయించినది.

గోదావరి పరీవాహ ప్రదేశము సుమారు 3,12,800 చదరపు కిలోమీటర్లు. నేటి రాష్ట్రముల హద్దులు దానికి పట్టవు. ఆంధ్ర, తెలంగాణములకు వెలుపల తెలుగువారు తరతరములుగా నివసించు నేలలు పెక్కు ఈ నది నీటిని పంపునవియే. నాందేడు పట్టణము నదీతీరముననే యున్నది. కర్ణాటకములోని బీదరు జిల్లా మీదుగా వచ్చు మంజీర, కందకుర్తి వద్ద గోదావరిలో కలియుచున్నది. మహారాష్ట్రలో తెలుగు మాట వినబడు సిరొంచ ఊరు ప్రాణహితా గోదావరీ సంగమము దగ్గర నున్నది. వార్ధా, వైనగంగల కలయిక వలన ఏర్పడిన ఈ ప్రాణహిత ఒక్కటియే మొత్తము పరీవాహములో సుమారు మూడవవంతు నేల నీటిని తెచ్చును. ఒడిశాలోని కలహండి కొండలలో ఇంద్రావతియు, కోరాపుట్టు కొండలలో శబరియు పుట్టుచున్నవి. పడమటి యుపనదులు నల్లమన్నును, తూర్పు కనుమల యుపనదులు ఎర్రమన్నును తెచ్చును. తూర్పు కనుమలలో విరివిగా నుండు ఖొండలైటు శిలకు ఆ పేరు అచ్చటి ఖోండు జనుల వలన వచ్చినదే. ఆ రాయి వానకు నాని, ఇనుము త్రుప్పు పట్టుటచే ఎర్రబడును. తొలకరి వరదలో గోదావరి ఎర్రబారుట అందరు నెరిగినదే.

ప్రాణహిత కలిసిన చోటు నుండి నది యొక పురాతనమగు పల్లమున నడచును. భూమి పైపొర రెండు సమాంతరముల బీటల నడుమ క్రుంగి ఏర్పడిన పల్లమది. 25 కోట్ల సంవత్సరములకు పూర్వము అందు పెరిగిన అడవులు పూడిపోయి బొగ్గుగా మారినవి. సింగరేణి బొగ్గు అదియే. ఆ పొరలకు మీది పొరలలో దొరికిన రాక్షసిబల్లి యెముకల కూర్పును హైదరాబాదులోని బిర్లా విజ్ఞాన కేంద్రమున చూడవచ్చును. కోట పొరలలో దొరికినందున దానికి కోటాసారస్ అని పేరు పెట్టిరి. పాత బీటలు పూర్తిగా నిద్రపోలేదు. 1969 ఏప్రిలు 13వ తేదీన భద్రాచలము ప్రాంతమున సుమారు 5.7 ప్రమాణపు భూకంపము వచ్చినది. 2024 డిసెంబరు 4వ తేదీన ములుగు ప్రాంతమున 5.3 ప్రమాణముతో మరల నేల కదలినది. ఈ రెండింటివలన పెద్ద నష్టము కలుగలేదు. 1993 సెప్టెంబరు 30వ తేదీ తెల్లవారుజామున మంజీర యుపనదియగు తేర్ణ పరీవాహమున కిల్లారి దగ్గర వచ్చిన భూకంపము అట్టిది గాదు. మట్టితోను రాతితోను కట్టిన యిండ్లు నిద్రించువారిపై కూలి పదివేల వరకు జనులు మరణించిరి. కదలదని నమ్మిన దక్కను పీఠభూమి నడిమధ్యను జరిగినందున అది శాస్త్రజ్ఞులను గూడ ఉలికిపడజేసినది.

భద్రాచలము దాటి, కూనవరము వద్ద శబరిని కలుపుకొని, నది పాపికొండల నడుమ దూరును. అంతవరకు విశాలముగా పారిన నీరు అచ్చట కొన్నివందల మీటర్ల వెడల్పునకు కుదించుకొనును. నీటి వేగము రెండింతలైనచో అది దొర్లింపగల రాతి బరువు అరువది నాలుగింతలగునని పాఠ్యగ్రంథముల లెక్క. వరదకాలమున కొండల నడుమ నది చేయు చప్పుడులో కొంత భాగము అడుగున దొర్లు రాళ్ళదే. ఏటిపొడుగున వచ్చు ఒండ్రులో అత్యధిక భాగము వర్షాకాలపు కొన్ని నెలలలోనే, అందును కొన్ని పెద్ద వరదలలోనే, దిగువకు చేరును. 1986 ఆగస్టు వరదలో భద్రాచలము వద్ద నీటిమట్టము 75.6 అడుగులకు పెరిగినది. ధవళేశ్వరము వద్ద 35 లక్షల ఘనపుటడుగుల నీరు ఒక్కొక్క సెకనునకు పారినది. 2022 జులైలో భద్రాచలము వద్ద మట్టము మరల 71 అడుగులు దాటినది, యానాము వీధులలోనికి నీరు వచ్చినది. వరద పోయిన పిదప ఇంటి గచ్చుపై మిగిలిన బురదను పారబోయునప్పుడు గృహిణికి విసుగే గాని సంతోషముండదు. అయినను ఆమె ఇల్లు నిలిచిన నేల అట్టి బురదయే.

కొండలు దాటి మైదానమున పడిన పిదప నదికి వేగము తగ్గును. మోసికొనివచ్చిన బరువును దింపక తప్పదు. ముందు గులకరాళ్ళు, పిదప ఇసుక, తుదకు ఒండ్రు దిగబడును. దింపిన బరువే దారికడ్డము పడగా నది పాయలుగా చీలును. ధవళేశ్వరము దిగువ గౌతమి, వసిష్ఠ అని రెండుగా చీలి, వసిష్ఠ నుండి వైనతేయము విడిపోవును. యానాము వద్ద గౌతమి నుండి కోరంగి పాయ వేరగును. ఈ పాయల నడుమ 5,000 చదరపు కిలోమీటర్లకు పైగా గల సమతలమే గోదావరీ డెల్టా. దాని క్రింద, మరింత పూర్వకాలముల నుండి పేరుకొన్న అవక్షేపముల మందము కొన్నిచోట్ల ఐదు కిలోమీటర్లను మించును. ఆ లోతున పూడిన జీవపదార్థమే కృష్ణా గోదావరీ పరీవాహమున నేడు త్రవ్వి తీయుచున్న చమురును సహజ వాయువును అయినది.

నేటి డెల్టాకు భూచరిత్ర లెక్కలో వయసు చాల తక్కువ. సుమారు 20 వేల సంవత్సరముల క్రిందట ధ్రువప్రాంతముల మంచు హెచ్చుగా నున్నప్పుడు సముద్రమట్టము నేటికంటె 120 మీటర్లు దిగువ నుండెను. పిదప మంచు కరిగి సముద్రము పైకి వచ్చి, ఆరేడువేల సంవత్సరముల క్రిందట ఇంచుమించు నేటి మట్టమునకు చేరి నిలిచెను. అది నిలిచిన తరువాతనే నదికి కట్టుబడి పని సాగినది. ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు విమానము నుండియు ఉపగ్రహముల నుండియు తీసిన చిత్రములను పరిశీలించి, డెల్టా లోపల సముద్రతీరమునకు సమాంతరముగా నున్న పురాతనపు ఇసుక దిబ్బల వరుసలను గుర్తించిరి. ఒక్కొక్క వరుస ఒకప్పటి సముద్రపు టొడ్డు. చెట్టు మొదలు కోసిన చోట వలయములు లెక్కించి వయసు చెప్పినట్లు, ఈ వరుసలను బట్టి నేల ఎట్లు ముందునకు జరిగినదో చెప్పవచ్చును.

శాస్త్రజ్ఞులు చిత్రములలో చూచినదానిని కోనసీమ రైతులు కాలితో నెరుగుదురు. దిబ్బ మెరక గనుక ఊళ్ళును కొబ్బరితోటలును దానిపై నిలుచును. రెండు దిబ్బల నడుమ పల్లము గనుక వరి దానియందు పండును. కృష్ణా గోదావరీ డెల్టాలు రెండును చెరియొక వైపున సముద్రములోనికి పెరుగగా నడుమ చిక్కుకొన్న పల్లమే కొల్లేరు. నేడది తీరమునకు ఎంతో లోపల నున్న మంచినీటి సరస్సు. పూర్వము సముద్రపు ఉప్పునీరు ఆడిన చోటని శాస్త్రజ్ఞుల నిర్ణయము.

నది తెచ్చిన మన్నునకు ఉప్పునీరు తగిలినప్పుడు జరుగునది గమనింపదగినది. మంచినీటిలో విడివిడిగా తేలుచు వచ్చిన సన్నని రేణువులు ఉప్పు తగులగానే ఒకదానినొకటి అంటుకొని, తునకలై, బరువెక్కి దిగబడును. మొగ దగ్గర నీరు ఎల్లప్పుడు మెరకపడుచుండుటకు ఇది యొక కారణము. మెరకపడిన బురదపై మడచెట్లు పుట్టును. వాని వేళ్ళు పోటుతో వచ్చి పాటుతో పోవు నీటి నుండి మన్నును వడగట్టి పట్టుకొనును. బురద వలన మడ, మడ వలన మరింత బురద. ఇట్లు నీటిలో నేల లేచును. యానామునకును కాకినాడకును నడుమ నున్న కోరంగి మడ అడవులు ఈ విధముగా నేర్పడినవి. వానిలో 235 చదరపు కిలోమీటర్ల ప్రదేశము 1978లో అభయారణ్యముగా ప్రకటింపబడినది.

సముద్రమును ఊరకుండదు. నైరృతి ఋతుపవన కాలమున అలలు తీరమునకు ఏటవాలుగా తగులుచు ఇసుకను ఉత్తరదిశకు నెట్టుకొనిపోవును. ఒక్కొక్క అల ఒక్కొక్క రేణువును ఒక జానెడు జరిపిన చాలును. గౌతమి మొగ నుండి ఇట్లు జరిగిన ఇసుక, రెండువందల సంవత్సరములలో 16 కిలోమీటర్ల పొడవున ఉత్తరముగా పెరిగి, కొడవలి వలె వంగి నిలిచినది. దానినే హోపు ద్వీపమందురు. దాని చాటుననే కాకినాడ రేవునకు నిమ్మళమగు నీరు దొరకుచున్నది. తాతముత్తాతల నాడు తెరపిగా నున్న సముద్రమునకు ఇసుక గోడ కట్టినవాడు ఏ యింజనీరును గాడు.

ఒక రేవునకు మేలు చేసిన ఈ యిసుకయే వేరొక రేవును చంపినది. 18వ శతాబ్దమున కోరంగి తూర్పుతీరమున పేరొందిన రేవు. ఓడలు కట్టుటకును, పాడైన ఓడలను బాగుచేయుటకును ప్రసిద్ధి గాంచినది. ఫ్రెంచివారు 1731 నుండి యానామును నిలుపుకొనుటకును, ఆంగ్లేయులు దాని చేరువనే ఇంజరమునను, నీలపల్లిలోను వర్తకస్థానములు పెట్టుటకును ఈ పాయల నౌకాయోగ్యతయే కారణము. బర్మాకు కూలికిని వర్తకమునకును పోయిన తెలుగువారు ఈ రేవున ఓడ యెక్కినందున, అచ్చటివారు తెలుగువారినందరిని కోరంగీలు అని పిలిచిరి. శ్రీకాకుళము వాడైనను, విశాఖపట్టణము వాడైనను రంగూనులో కోరంగీయే. ఊరు పేరు జాతి పేరై సముద్రము దాటినది గాని, ఊరి ముందరి నీరు మాత్రము నానాటికి మెరకపడినది. పెద్ద ఓడలు రాక మానినవి. వర్తకము కాకినాడకు తరలిపోయినది. నేడు కోరంగి గ్రామమునకును తెరపి సముద్రమునకును నడుమ మడ అడవి యున్నది.

కోరంగి నాశమునకు తుపానులే కారణమని జనశ్రుతి. అది సగము నిజము. 1789 డిసెంబరులో ఉప్పెన మూడు పెద్ద అలలుగా వచ్చి ఊరిని ముంచెను. 1839 నవంబరు 25వ తేదీన మరల నొక ఉప్పెన వచ్చెను. ఈ రెండవదానిలో మూడులక్షల జనులు మరణించిరనియు, ఇరువది వేల ఓడలు నాశమైనవనియు పుస్తకములలో కనబడును. ఆ కాలపు రేవున అన్ని ఓడలు, ఆ తీరమున అంత జనము ఉండిరనుట నమ్మదగినది గాదు. అంకె పెద్దదైనంత మాత్రమున సత్యము పెద్దది గాదు. ఊరు నాశమైన మాట మాత్రము నిజము. కలకత్తాలో నుండిన హెన్రీ పిడింగ్టను ఈ 1839 నాటి తుపాను వివరములను సేకరించి పరిశీలించెను. పాము చుట్టను తెలుపు గ్రీకు మాట నుండి సైక్లోను అను పేరును కల్పించి, 1848లో వెలువడిన తన గ్రంథము ద్వారా దానిని వ్యాపింపజేసినవాడు ఆయనయే. ప్రపంచమంతట వాడుకలో నున్న ఆ మాట వెనుక కోరంగి కన్నీరును కొంత యున్నది. అయినను తుపాను ఊరిని కొట్టి పోవును. ఓడలు మరల వచ్చినచో ఊరును మరల లేచును. కోరంగికి ఓడలు మరల రాకుండ చేసినది నిశ్శబ్దముగా దిగిన ఒండ్రు.

తుపాను ఒక్క రాత్రిలో చేయు పని సాధారణపు అలలు ఏండ్ల తరబడి చేయజాలవు. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి కాకినాడకు దక్షిణమున తీరము దాటిన తుపానులో వేయిమందికి పైగా మరణించిరి. మొగల దగ్గరి పల్లెకారుల వాడలలో మగదిక్కు పోయిన యిండ్లు ఎన్నో మిగిలినవి. మడ అడవి చాటున నున్న ఊళ్ళకు అల తాకిడి తగ్గునను సంగతి అధికారులు అటుపిమ్మట గట్టిగా చెప్పసాగిరి గాని, పల్లెకారులకు అది క్రొత్త సంగతి గాదు.

ఇంతవరకు చెప్పినది నదికిని సముద్రమునకును నడచిన బేరము. నది తెచ్చును, సముద్రము కొనిపోవును. తెచ్చినది హెచ్చైనన్ని నాళ్ళు నేల పెరిగినది. ఒండ్రునేల తనంత తాను మెల్లగా అణగును. తడిమన్ను ఆరి గట్టిపడినకొలది మట్టము తగ్గుట సహజము. ఆ తగ్గుదలను ఏటేట వచ్చు వరద మన్ను పూరించుచుండెను. ఈ లెక్కలో మనుష్యుడు చేయిపెట్టుట 19వ శతాబ్దమున ఆరంభమైనది. ఆర్థరు కాటను ధవళేశ్వరమున 1847 నుండి 1852 వరకు ఆనకట్ట కట్టించెను, కాలువలు త్రవ్వబడినవి, ఏటిగట్లు ఎత్తుచేయబడినవి. కరవుతో మలమలమాడిన సీమ అన్నపూర్ణయైనది. కాటను దొరకు ఊరూర విగ్రహములు నిలిపిన గోదావరి జనుల కృతజ్ఞత ఎంతయు సమంజసము. ఐనను ఏటిగట్టు చేయు పనిలో రెండవ వైపు గూడ కలదు. వరదను చేనిమీదికి రానీయని గట్టు, వరదలోని మన్నును గూడ రానీయదు. కాలువ నీటితో కొంత ఒండ్రు వచ్చును గాని పూర్వపు వరద పరచిన దానితో అది సరితూగదు. గట్టు వెనుక చేను అణగుచునే యుండును. పైన మన్ను పడదు.

గట్టు పంపకమును మాత్రమే మార్చినది, రాకడను తగ్గింపలేదు. రాకడను తగ్గించినవి ఎగువ జలాశయములు. మంజీరపై నిజాంసాగరము 1931 నాటిది. గోదావరిపై పైఠణు దగ్గర జాయకవాడి 1976లో ప్రారంభింపబడినది. పోచంపాడు వద్ద శ్రీరామసాగరము వెలసినది. ఉపనదులపై చిన్నవియు పెద్దవియు ఎన్నియో లేచినవి. జలాశయమున నీరు నిలిచినప్పుడు మోసికొనివచ్చిన మన్ను అడుగున దిగబడును. తలుపులు తెరచినప్పుడు తేటనీరే దిగువకు పోవును. ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు 2004లో ప్రకటించిన లెక్క ప్రకారము, 1970 దశకమున గోదావరి ఏటికి సగటున 15 కోట్ల టన్నుల ఒండ్రును దిగువకు తెచ్చుచుండగా, 1990 దశకము నాటికి అది 6 కోట్ల టన్నులకు లోబడినది. అదే పరిశీలనలో, 1976 నుండి 2001 వరకు డెల్టా సముద్రపు టంచున, క్రొత్తగా చేరిన నేల పోను, సుమారు 18 చదరపు కిలోమీటర్ల నేల నష్టమైనట్లు తేలినది. యానాము మొత్తము విస్తీర్ణము 30 చదరపు కిలోమీటర్లని తలచుకొన్నచో ఈ అంకె బరువు తెలియును. 2009లో ప్రపంచపు పెద్ద డెల్టాలను గూర్చి వెలువడిన యొక పరిశీలనలో, అణగుదలకు సరిపడు మన్ను అందని వానిలో కృష్ణా గోదావరీ డెల్టాలును చేర్చబడినవి. భూగర్భము నుండి చమురును వాయువును తీయుట వలన అణగుదల హెచ్చగుచున్నదా యను ప్రశ్నయు విద్వాంసులలో నడచుచున్నది. సముద్రమట్టము పెరుగుట వీనికి తోడు.

ఈ మాటలు చెప్పినంత మాత్రమున జలాశయములు కట్టుట తప్పని తీర్పు చెప్పినట్లు గాదు. నాందేడు రైతునకు నీరు వలదనుటకు లంక రైతునకు అధికారము లేదు. కాని ఎగువ నిలిపిన నీటికి వాటాలు పంచు ఒడంబడికలు ఎన్నియో జరిగినవి. నీటితోబాటు నిలిచిపోయిన మన్నునకు వాటా అడిగినవారు కనబడరు. నీటి లెక్క వ్రాయు పుస్తకమున మన్ను పద్దు కూడ నుండవలెనను ఎరుక ఇంకను అలవడలేదు.

నేల పోవుట అన్నిచోట్ల ఒక్క తీరున జరుగదు. ఒక మొగ దగ్గర కోత, దాని ప్రక్కనే మేట. లంకలో నొక వైపు గట్టు విరిగి కొబ్బరిచెట్లు వేళ్ళతో సహా ఏటిలోనికి వ్రాలుచుండగా, ఎదుటి వైపున క్రొత్త ఇసుక తేలి, దానిపై మొదటి సంవత్సరము రెల్లు మొలచి, కొన్ని యేండ్లకు కూరపాదులు లేచును. పోయినది పట్టాభూమి, వచ్చినది ప్రభుత్వపు టిసుక. కనుక పోగొట్టుకొన్నవాడే తిరిగి పొందుననుకొనుటకు వీలు లేదు. భూగోళశాస్త్రమున కోతయు మేటయు సరిసమానములుగా కనబడును. గ్రామమునందు అట్లు కనబడవు.

కాకినాడకు ఉత్తరమున ఉప్పాడ తీరము దశాబ్దములుగా కోతకు గురియగుచున్నది. ఇండ్లును గుళ్ళును వీధులును సముద్రమున కలిసినవి. ఊరికిని కాకినాడకును నడుమ తీరము వెంట పోవు దారి మరల మరల తెగినది. ఉత్తరముగా నడచు ఇసుకను హోపు ద్వీపము పట్టుకొనుట వలన ఉప్పాడకు చేరవలసినది చేరుట లేదని పలువురి అభిప్రాయము. రేవు కట్టడములను గూడ కొందరు కారణముగా చెప్పుదురు. అలలను ఆపుటకు రాళ్ళు పోసిరి. ఇసుక నింపిన పెద్ద గొట్టపు సంచులను పరచిరి. సముద్రము వానిని గూడ చెదరగొట్టినది. ఆ తీరమునకు ఇసుక పంపు గోదావరి మీద, పాపికొండలు దాటిన చోట, పోలవరము జలాశయము నిర్మాణములో నున్నది.